యాదమ్మ ఒక్కపొద్దు, సత్తయ్య గోలీలు

తెర తర్వాత, చెయ్యి ముందు

ఛాతీ ఆపరేషన్ల వార్డులో కొత్తగా చేరే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టర్, రక్తం చూసి కళ్లు తిరిగితే ఎట్ల?" రక్తానికి వారంలో అలవాటు పడతారు, ఫికరు వద్దు. రిటైరయ్యే రోజు దాకా నాకు అలవాటు కానిది వేరే ఉంది. ఆపరేషన్ బాగా జరుగుతుంది. మనిషి లేచి కూర్చుని ఇంటికి ఫోన్ చేసి బర్రెకు గడ్డి వేశారా అని అడుగుతుంటాడు. ఇంతలో గుండె లయ తప్పుతుంది. అది ఎన్నిసార్లు చూసినా నాకు మొదటిసారే.

నేను ఎస్తేరు. మాది మునుగోడు పక్క పల్లె. మా అమ్మ పత్తి చేన్లల్లో కూలి చేసి నన్ను నర్సింగ్ చదివించింది. ఉద్యోగంలో చివరి ఏళ్లన్నీ నల్గొండలో, రాష్ట్రం వచ్చాక తెరిచిన ఒక దవాఖానలో గడిచాయి. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను, అవి నాకే గుర్తు లేవు. మీకు పనికొచ్చే సంగతి చెప్తాను.

నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట అందుకుంటే మిగతావాళ్లు ఆమె వెనకాల పాడతారు, చేతులు కూడా ఆ వరుసలోనే నడుస్తాయి. గుండెలోనూ అలాగే ఒక జాగా నుంచి పిలుపు వస్తే మిగతాదంతా దాని వెంట కొట్టుకుంటుంది. లయ తప్పడమంటే మడిలో ఉన్న ఆడవాళ్లంతా ఎవరి పాట వాళ్లు ఎత్తుకోవడం. గుండె పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి, కింది గదులు దిక్కు తోచక ఉరుకుతాయి.

ఛాతీ తెరిచిన వాళ్లలో ఇది మామూలుగా రెండో రోజో మూడో రోజో వస్తుంది. ఊపిరితిత్తి మీద కత్తి పెడితే పక్కింట్లో ఉన్న గుండెకు కూడా ఆ అదురు తగులుతుంది. వాపు, నొప్పి, ఒంట్లో పొటాషియం లాంటి ఉప్పులు తగ్గడం, వయసు, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే బీపీ పడిపోవచ్చు, వణికే గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. అందుకే భయపడాలి, కానీ బెదిరిపోకూడదు. ఈ రెండింటికీ తేడా నేర్చుకోవడమే మన ఉద్యోగం.

పెద్ద సార్ తువ్వాల

మా సర్జన్‌ను అందరం పెద్ద సార్ అనేవాళ్లం. కోపం ఎక్కువ, మాట తక్కువ. రౌండ్లకు వచ్చేటప్పుడు ఆయన భుజం మీద ఒక తువ్వాల ఉండేది. చెమట తుడుచుకోవడానికి అనుకునేదాన్ని. కాదు, మంచం దగ్గరికి రాగానే దాన్ని తీసి గుండె గీతలు కనబడే మానిటర్ మీద కప్పేవాడు. "ఇప్పుడు చెప్పండి, ఈయన ఎట్ల ఉన్నడు?" అనేవాడు. కొత్త డాక్టర్లు తువ్వాల కిందికి తొంగి చూడబోయేవాళ్లు.

ఆ తువ్వాల వెనక ఒక కథ ఉంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక రైస్ మిల్లు సేటుకు ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున మానిటర్ ఒకటే మోత. గీతలు పిచ్చి పట్టినట్టు ఎగురుతున్నాయి. డ్యూటీ డాక్టర్ షాక్ పెట్టే మెషిన్ తోసుకుంటూ ఉరికొచ్చాడు. నేనూ వెనకాలే ఉరికాను. చూస్తే సేటు మంచం మీద కూర్చుని, ఎవరిచేతో తెప్పించుకున్న వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. చెయ్యి కదిలినప్పుడల్లా ఛాతీ మీది తీగలు కదులుతున్నాయి, తెర మీద గీతలు ఎగురుతున్నాయి.

సేటు పుల్ల నోట్లోంచి తీసి మెషిన్‌ను చూసి, "గిదేంది డాక్టర్ సాబ్, ఇస్త్రీ పెట్టెనా?" అన్నాడు.

ఆ రోజు నుంచి సార్ తువ్వాల తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మనకు జీతం ఇచ్చేది మనిషిని చూడటానికి. ముందు చెయ్యి పట్టుకోండి, నాడి చూడండి, మొహం చూడండి, తర్వాత తెర చూడండి. ఈ ఒక్క అలవాటే నన్ను యాదమ్మ సంగతిలో ఒడ్డున పడేసింది.

యాదమ్మ, సత్తయ్య

కరోనా సద్దుమణిగిన ఏడాది. మర్రిగూడ వైపు పల్లె నుంచి యాదమ్మ అనే పెద్దామె వచ్చింది. పత్తి, కంది వేసుకునే కాపు కుటుంబం. కుడి ఊపిరితిత్తిలో కింది భాగం ఏళ్ల తరబడి చెడిపోయి, దగ్గితే రక్తం పడుతోంది. ఆ ముక్క తీసేయాలి. తోడుగా వచ్చింది మొగుడు సత్తయ్య ఒక్కడే. ఆమె గట్టిగా మాట్లాడుతుంది, ఆయన తలూపుతాడు.

నేను ఆమెను అక్కా అన్నాను, ఆమె నన్ను చెల్లె అంది. ఆ లెక్కన సత్తయ్య నాకు బావ అయ్యాడు, పరాచికాలకు లైసెన్సు దొరికింది. "బావా, అక్కకు ఆపరేషనయితే ఇంట్ల బువ్వ ఎవరు వండుతరు?" అంటే ఆయన సిగ్గుపడి, "ఇద్దరం ఈడనే ఉన్నం గద, ఎవరికి వండాలె?" అన్నాడు.

యాదమ్మకు బీపీ ఉంది. ఏళ్లుగా రోజూ పొద్దున ఒక గోలి వేసుకుంటుంది. ఆ గోలి బీపీతో పాటు గుండె వేగాన్ని కూడా కళ్లెం పట్టి ఆపే రకం. అలాంటిదాన్ని ఉన్నట్టుండి మానేస్తే గుండె తాడు తెంపుకున్న దూడ అవుతుంది. అది మాకు తెలుసు కాబట్టి ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయించాం. ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాటి నుంచి పొద్దున ఇడ్లి, దాంతో పాటు చిన్న కప్పులో గోలీలు ఇచ్చి, అందరికీ చెప్పే మాటే చెప్పాను. "తిన్నంకనే ఏసుకోవాలె. పరగడుపున ఏసుకోవద్దు." ప్లేటు ఖాళీగా వచ్చేది, కప్పూ ఖాళీగా వచ్చేది. ఇంకేం కావాలి?

మూడో రోజు పొద్దెక్కాక యాదమ్మ నన్ను పిలిచింది. "చెల్లే, లోపట ఏదో దడదడమంటాంది. కోడిని గంప కింద మూసినట్టున్నది." చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల కింద నాడి ఒకసారి గట్టిగా, ఒకసారి పలచగా, ఒకచోట రెండు కలిసి, ఒకచోట అసలు లేకుండా. వరుస అనేదే లేదు. తర్వాతే తెర చూశాను, నూటయాభై దాటింది.

పెద్ద సార్ వచ్చాడు. ఆక్సిజన్ పెట్టించాడు, రక్తం పంపించాడు, సూది మందు మొదలుపెట్టించాడు. షాక్ మెషిన్ తెచ్చి మంచం పక్కన నిలబెట్టించాడు. "బీపీ నిలబడ్డది. ప్రస్తుతం మందులతో చూద్దాం. పడిపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకొచ్చింది? బీపీ గోలి ఇస్తున్నరు గద?" అని అడిగాడు. "రోజూ ఇస్తున్నం సార్" అన్నాను ధైర్యంగా. ఇస్తున్న మాట నిజమే.

తిన్నోళ్లే ఏసుకోవాలె

బయటికి వస్తే వరండాలో సత్తయ్య గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారుతున్నాడు. పెళ్లాం సంగతి విని బెదిరాడనుకున్నాను.

"ఏమాయె బావా?"

"ఏం లేదు చెల్లే. జర కండ్లు తిరుగుతున్నయ్. నిన్నటి సంది గిట్లనే ఉన్నది."

అలవాటు కొద్దీ చెయ్యి పట్టుకున్నాను. నాడి ఒకటి కొట్టింది. రెండోది వస్తుందా రాదా అని ఎదురుచూడాల్సి వచ్చింది. గడియారం పెట్టి చూస్తే నలభై అయిదు. భయపడ్డ మనిషి నాడి ఉరకాలి గానీ, ఎండకు అలసిన ఎడ్లబండి లాగా నడవదు.

"బావా, నీకు బీపీ ఉన్నదా? ఏమన్న గోలీలు ఏసుకుంటవా?"

"నాకేం రోగం? పుట్టినసంది గోలి మింగినోన్ని గాదు." కాస్త ఆగి, "గీ మూడొద్దుల సంది తప్ప" అన్నాడు.

"గీ మూడొద్దుల సంది ఏం గోలీలు?"

"నువ్విచ్చినయే."

అప్పటికి పెద్ద సార్ కూడా బయటికి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"అక్కకిచ్చిన గోలీలు నువ్వెందుకు మింగినవ్?"

సత్తయ్య నా తెలివికి జాలిపడుతున్నట్టు చూశాడు. "ఆమె మొక్కుకున్నది. ఆపరేషనైన తెల్లారి నుంచి ఇంటికి పోయేదాక గుట్ట నర్సింహస్వామికి ఒక్కపొద్దు. పొద్దుగూకినంకనే తింటది. పొద్దుగాల ఇడ్లి ముట్టది. మీరు తిడ్తరని మీకు జెప్పలే. ఇడ్లి పారేస్తె పాపం గదా, నేను తిన్న. తిన్నంకనే గోలి ఏసుకోవాలె, పరగడుపున వద్దు అని నువ్వే జెప్పినవు. ఆమె తినలే. నేను తిన్న. తిన్నోళ్లే ఏసుకోవాలె గద మరి?"

నేను నేల చూశాను. పెద్ద సార్, నేను ఆ దవాఖానలో చేరాక మొదటిసారి, పగలబడి నవ్వాడు. "ఎస్తేరమ్మా, ఆమె కళ్లెం ఈయనకు వేసినం. ఈయనను కూడా పండబెట్టి తీగలు పెట్టు. సాయంత్రానికి మందు దిగిపోతది, ఏం కాదు. ముందు ఆమె చేత ఆ గోలి మింగించు, పరగడుపునైనా ఫికరు లేదు, ఎట్లన్న చెయ్."

తప్పెవరిది అని మీరడిగితే నా తీర్పు ఇది. సత్తయ్యది కాదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. యాదమ్మది కాదు, మాట ఇస్తే నిలబెట్టుకునే మనిషి. గోలి ఇచ్చాం గానీ నోట్లోకి పోయిందా అని చూడని వార్డు మాది.

ఆటో నిండా ఆఖరి చూపు

సత్తయ్యను యాదమ్మ పక్క మంచం మీదే పడుకోబెట్టాం. ఒకరి గుండె ఉరుకుతోంది, ఒకరిది కునికిపాట్లు పడుతోంది. సరిగ్గా ఆ సమయానికి యాదమ్మ అన్న మల్లయ్య దిగాడు. సత్తయ్య వరండాలో కూలబడకముందే ఊరికి ఫోన్ చేసి, "నీ చెల్లె గుండె ఆగమైంది" అని చెప్పాడట. మల్లయ్య ఆటో నిండా ఆడవాళ్లను ఎక్కించుకుని వచ్చాడు.

తలుపు దగ్గరే ఆగిపోయి రెండు మంచాలూ చూశాడు.

"ఒకలకు ఆపరేషనని జెప్పి ఇద్దరిని పండవెట్టిన్రా! ఇదేం దవాఖాన? లేవుండ్రి, ఇద్దర్ని పట్నం తీస్కపోతం!"

ఆయన వెనక నుంచి ఏడుపులు లేచాయి. "అయ్యో అక్కా, మమ్ముల ఇడిసి పోతున్నవా" అని ఒకామె రాగం అందుకుంది. యాదమ్మ మొహం పాలిపోయింది. తెర మీద అంకె నూటయాభై నుంచి నూటడెబ్భైకి పాకింది.

యాదమ్మ ప్రాణం నిజంగా తీగ మీద ఉన్నది అప్పుడే. ఛాతీలో గొట్టం, నాడి ఆ తీరు, పట్నం దాకా బండిలో కుదుపులు. దారిలో బీపీ పడితే ఆ బండిలో షాక్ మెషిన్ ఉండదు. అది మల్లయ్యకు తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే, చెల్లెను ఇక్కడ చావనివ్వకూడదు.

నేను వాదించలేదు. ఇంటివాళ్లు తీసుకుపోతామన్నప్పుడు రూల్స్ చదవకండి, పని అప్పజెప్పండి. మల్లయ్య చెయ్యి పట్టుకుని తెర ముందుకు తీసుకుపోయాను.

"అన్నా, గా అంకె జూడు. వాళ్లు ఏడ్చినప్పుడల్లా ఎట్ల ఎక్కుతాందో జూడు. నీ చెల్లె మంచిగ గావాల్నంటె ముందు ఏడుపు బందు గావాలె. గది నాతోని గాదు, నీతోనే అయితది."

ఆయన అంకె చూశాడు. ఏడుపు చూశాడు. మళ్లీ అంకె చూశాడు. తిరిగి ఒక్క కేక వేశాడు. "నోర్లు మూయుండ్రి! మీ ఏడుపుతోనే సంపేటట్టున్నరు!" వార్డంతా గప్‌చుప్. కాసేపటికి అంకె మెల్లగా దిగింది. మల్లయ్య అది చూసి, ఇక తెర ముందు నుంచి కదల్లేదు. పట్నం మాట ఎత్తలేదు గానీ, మానుకున్నానని కూడా అనలేదు.

సీసాలో తీర్థం

ఇప్పుడు యాదమ్మ చేత గోలి మింగించాలి.

"సచ్చినా ఏసుకోను" అంది. "స్వామికి మాటిచ్చిన. సూదులు ఎన్నన్న ఇయ్యి చెల్లే, అవి నోట్లకు పోవు."

కోప్పడ్డాను, పని కాలేదు. తర్వాత దారి మార్చి, "అక్కా, ఉపాసం సంగతి నాకూ ఎరుకనే. మా అమ్మ ఈస్టరు ముందటి శ్రమల దినాలల్ల పొద్దుగూకేదాక మంచినీళ్లు గూడ ముట్టేది గాదు" అన్నాను.

యాదమ్మ కళ్లు మెరిశాయి. "మరి గోలి ఏసుకునేదా?"

"మా అమ్మకు గోలీలు యాడియి అక్కా? రోగమొస్తె పసుపు, లేకుంటె ప్రార్థన."

"మరి నన్నెందుకు ఏసుకోమంటవు?" అంది గెలిచినట్టు. పక్క మంచం మీద సత్తయ్య కళ్లు మూసుకునే నవ్వాడు.

ఓడిపోయి దిక్కులు చూస్తుంటే మల్లయ్య భుజం సంచిలోంచి ఒక చిన్న సీసా మూత కనబడింది. "అన్నా, గా సీసల ఏంది?" అన్నాను.

ఆయన సంచి వెనక్కి జరుపుకున్నాడు. పెద్ద మీసాల మనిషి, మెల్లగా అన్నాడు. "గుట్ట తీర్థం."

ఎందుకు తెచ్చాడో గదిలో అందరికీ అర్థమైంది. పోయే ముందు నోట్లో పోయడానికి. యాదమ్మ మెల్లగా మొహం ఆయన వైపు తిప్పింది.

"నా నోట్ల తులసి తీర్థం పోద్దామని తెచ్చినవా అన్నా? నేనింకా సావలే."

"ఏం జెయ్యాలె బిడ్డా, భయమైంది" అన్నాడు మల్లయ్య. అంతసేపూ అరిచిన మనిషి అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాడు. నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ కన్నీళ్లలోనే నాకు దారి దొరికింది.

"అక్కా, తీర్థం తీసుకుంటే ఒక్కపొద్దు చెడ్తదా?"

"తీర్థంతోని ఎట్ల చెడ్తది? పిచ్చిదానివా?"

"అయితే గోలి తీర్థంతోని ఏసుకో. బువ్వ గాదు, ఇడ్లి గాదు. అన్న తెచ్చిన తీర్థం. అన్ననే పోస్తడు."

యాదమ్మ చాలాసేపు ఆలోచించింది. అన్నను చూసింది, పైకప్పును చూసింది, స్వామినే అడుగుతున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత నోరు తెరిచింది.

ఆ సీసాలోని నీళ్లు ఏనాటివో అని నా ప్రాణం గిలగిలలాడింది. కాచి చల్లార్చిన నీళ్లు చిన్న గ్లాసులో తెచ్చి, అందులో రెండు చుక్కలు చాలన్నాను. మల్లయ్య భయంభయంగా రెండే చుక్కలు వేశాడు. గోలి నాలుక మీద నేను పెట్టాను, నీళ్లు ఆయన పోశాడు. గొంతు కదిలేదాక ఇద్దరం చూశాం.

పొద్దుగూకే వేళకు వేగం చాలా తగ్గింది, లయ మాత్రం కుదరలేదు. ఒక్కపొద్దు విడిచే సమయమైందని పెరుగన్నం కలిపి ఇచ్చాను. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి పట్టుకున్నాను. ఒకటి, ఒకటి, ఒకటి. సమానంగా, వరుసగా. మల్లయ్య తెర చూస్తున్నాడు, నేను చూడలేదు. నవ్వు ఆపుకోలేక, "మడిల అందరు ఒక్క పాటకొచ్చిన్రు అక్కా" అన్నాను. ఆమెకేమీ అర్థం కాలేదు. "ఉప్పు తక్కువైంది" అంది.

మందు వల్ల కుదిరింది, ఒంట్లో ఉప్పులు సరిచేయడం వల్ల కుదిరింది అని పెద్ద సార్ అన్నాడు. స్వామి వల్ల అని మల్లయ్య అన్నాడు. మంచి వార్డులో ఇద్దరికీ జాగా ఉంటుంది. సత్తయ్య మాత్రం లేచి కూర్చుని, "రేపటి ఇడ్లి ఎవరు తినాలె?" అని అడిగాడు.

శనివారం ఫోను

ఆ తర్వాత మా వార్డులో రెండు మారాయి. గోలి చేతికిచ్చి పోవడం మానేశాం, మింగేదాక నిలబడ్డాం. చేరేటప్పుడే "ఏమన్న మొక్కు ఉన్నదా? ఒక్కపొద్దా? ఉపాసమా? రంజాన్ రోజానా?" అని అడగడం మొదలుపెట్టాం. మీరూ అడగండి. తిట్టడానికని కాకుండా తెలుసుకోవడానికి అడిగితే అందరూ చెప్తారు. ఉన్నదంటే వాళ్ల నమ్మకంలోంచే దారి వెతకండి, సాధారణంగా ఒకటి ఉంటుంది.

యాదమ్మ కోలుకుని గుట్ట మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకుంది. ఇప్పుడు శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు పొద్దునే నాకు ఫోన్ చేస్తుంది. "ఏసుకున్న చెల్లే" అంటుంది, పెట్టేస్తుంది. నేను రిటైరయ్యాక కూడా ఆ ఫోను ఆగలేదు.

మొన్న శ్రమల దినాలలో ఒక శనివారం. మా అమ్మ పోయాక ఆ ఉపవాసాలు నేను పట్టుకున్నాను. ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. పొద్దెక్కుతోంది, ఫోను రాలేదు. నాకు మనసు మనసులో లేదు. ఆగలేక నేనే చేశాను.

"అక్కా, గోలి ఏసుకున్నవా?"

"ఎప్పుడో ఏసుకున్న. చేన్ల పత్తికట్టె ఏరుతున్నం, ఫోను ఇంట్ల మరిచిన. ఇప్పుడే మీ బావ తెచ్చిచ్చిండు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అవునే చెల్లే, నీక్కూడ బీపీ వచ్చిందంటివి గద. గివి మీ ఉపాస దినాలు గదా. నువ్వు ఏసుకున్నవా?"

నేను తల తిప్పి చూశాను. ఎదురుగా బల్ల మీద గోలీల అట్ట, దాని పక్కన మూత పెట్టిన చెంబు, రెండూ రాత్రి పెట్టినట్టే ఉన్నాయి.

"ఎస్తేరమ్మా," అంది యాదమ్మ, "నేను ఫోను పట్టుకునే ఉంట. పోయి ఏసుకొని రా. మింగినంక జెప్పు."

లేచి వెళ్లి వేసుకున్నాను.